ఆ ఒక్క రోజు పని చేస్తుందా?

రెండింజన్ల విమానం వెనకాల నిలువుగా ఉండే తోక అంత పెద్దగా ఎందుకుంటుందో ఎప్పుడైనా ఆలోచించారా? మామూలుగా ఎగరడానికి అంత అక్కర్లేదు. టేకాఫ్‌లో ఒక ఇంజను ఆగిపోతే రెండోది విమానాన్ని పక్కకి తిప్పేస్తుంది. అప్పుడు వేగం తక్కువ కాబట్టి తోక మీద గాలి బలమూ తక్కువే. విమానాన్ని తిన్నగా ఉంచాలంటే తోక పెద్దది కావాలి. చాలా విమానాలకి ఎప్పుడూ రాని ఆ క్షణం కోసం, ప్రతి ప్రయాణంలోనూ ఆ బరువు మోయాల్సిందే.

రడ్డర్ని మరీ ఎక్కువ తిప్పితే గాలి దాని ఉపరితలాన్ని వదిలేసి చెదిరిపోతుంది, ఇక బలం పెరగదు. ఇంజనీరింగులో బౌండరీ లేయర్ బట్టీ పట్టినవాళ్ళకి ప్రాంటల్ గుర్తుండే ఉంటాడు :) ఒక సిలిండరుకున్న సన్నని చీలికలోంచి ప్రవాహాన్ని కొంచెం లోపలికి పీల్చేస్తే, అది విడిపోవడాన్ని వాయిదా వెయ్యొచ్చని ఆయన 1904లోనే చూపించాడు. పీల్చినా, ఊదినా ఉద్దేశం ఒకటే. దీన్నే ఏక్టివ్ ఫ్లో కంట్రోల్ అంటారు.

నాసా, బోయింగ్ కలిసి 2013లో అసలు సైజు 757 తోకని విండ్ టన్నెల్లో పెట్టి, రడ్డర్ ముందు నుంచి చిన్న చిన్న గాలి జెట్లు ఊదించారు. పక్కకి తోసే బలం 20 శాతానికి పైగా పెరిగింది. 2015లో అలాంటి జెట్లు 31 బిగించి విమానాన్నే ఎగరేశారు. ఆ జెట్లలో కదిలే భాగాలేవీ లేవు. అటూ ఇటూ ఊగేది గాలే. ముచ్చటగా ఉంది కదూ! అంటే తోకని చిన్నది చెయ్యొచ్చన్నమాట.

నాకు అనుమానం ఇక్కడే మొదలవుతుంది. జెట్లలో కదిలే భాగాలు లేకపోవచ్చు. కానీ వాటికి గాలి ఎక్కడినుంచో రావాలి. గొట్టాలు, వాల్వులు, వాటిని తెరిచే కంట్రోలు, అన్నీ కావాలి. ఇంజను ఆగిన ఆ కొన్ని సెకన్లలోనే ఇవన్నీ పని చెయ్యాలి. పెద్ద తోకకి ఆ బాధ లేదు. అది ఊరికే అక్కడ ఉంటే చాలు, దాన్ని ఆన్ చెయ్యక్కర్లేదు.

నేను ఇంతకుముందు పని చేసిన ఒక ప్రాజెక్టులో బేకప్ సర్వరు రెండేళ్ళపాటు పచ్చ లైటు చూపిస్తూ కూర్చుంది. డ్రిల్లు చేద్దామంటే "ఇప్పుడెందుకు, బాగానే ఉందిగా" అన్నారు. అవసరం పడ్డ రాత్రి అది లేవలేదు. మాకు పోయింది ఒక రాత్రి నిద్రా, కొంత డేటా. విమానంలో అయితే మనుషులుంటారు.

అలాగని ఈ టెక్నాలజీ వద్దని కాదు. 2015లో ఎగిరినప్పుడు తోకని చిన్నది చెయ్యలేదు. అంటే జెట్లు మొరాయించినా పాత తోక ఉంది. సరైన పద్ధతి అదే. ఇక తోక తగ్గించే రోజు వస్తే, నా దృష్టిలో ముందు రాసుకోవాల్సిన రూలు ఒక్కటే: ప్రతి టేకాఫ్‌కి ముందు జెట్లని నిజంగా ఊది చూడాలి, పని చెయ్యకపోతే విమానం కదలకూడదు. దానివల్ల కొన్ని ఫ్లైట్లు ఆలస్యమవుతాయి. తోక తగ్గితే మిగిలే ఇంధనం లెక్కలోంచి ఆ ఖర్చు కూడా తీసెయ్యాలి. అప్పటికీ లాభం మిగిలితే, నేను సంతోషంగా ఎక్కుతాను.

మీరైతే?