అగ్గిపెట్టెలతో గెలిచిన యుద్ధం

పిల్లలూ! టోకియో నగరం చూడబోయినవాళ్ళు గుళ్ళూ, కోటా, చెర్రీపూల తోటలూ చూసి వస్తారు. మా అమ్మాయి అక్కడ ఉద్యోగం చేస్తున్నప్పుడు నేను వెళ్ళి, వాటితోపాటు మరొక వింత కూడా చూశాను. మెగురో అనే పేటలో రెండంతస్తుల చిన్న మ్యూజియం ఒకటున్నది. అందులో ఉన్నవన్నీ పరాన్నజీవులే! అంటే, ఇతర ప్రాణుల ఒంట్లో చేరి, వాటి సొమ్ము తిని బతికేవన్నమాట. కమెగాయ్ సతోరు అనే వైద్యుడు 1953లో ఈ మ్యూజియం స్థాపించాడు.

పై అంతస్తులో ఒక మనిషి కడుపులోనుంచి వచ్చిన బద్దెపురుగు ఉన్నది. దాని పొడవు 8.8 మీటర్లు! అయితే జపానువాళ్ళను ఎక్కువగా పీడించినది ఇది కాదు. మనం ఏలికపాము అనే పురుగు. 1949 ప్రాంతాల అక్కడ నూటికి అరవైమందికి పైగా కడుపులో ఏలికపాములుండేవి.

ఎందుకలా జరిగింది? ఆ రోజుల్లో అక్కడ మనుషుల మలాన్నే కూరమళ్ళకు ఎరువుగా వేసేవారు. ఆడ ఏలికపాము రోజుకు రెండు లక్షల గుడ్లదాకా పెడుతుంది. అవి మలంతో మట్టిలోకి, మట్టినుంచి ఆకుకూరల మీదికి, అక్కడినుంచి మళ్ళీ మనుషుల కడుపులోకి చేరేవి. గుడ్డు కంటికి కనిపించదు గనక ఎవరికీ అనుమానం రాదు.

అక్కడ నిలబడి ఉండగా నాకు ఒక కుర్రవాడు జ్ఞాపకం వచ్చాడు. వాడు నా క్లాసులో వెనక బెంచీ మీద కడుపు పట్టుకుని కూర్చునేవాడు. పాఠం అడిగితే తెల్లమొహం వేసేవాడు. "సోమరిపోతా!" అని నేను వాణ్ణి రోజూ బెంచీ ఎక్కించేవాణ్ణి. ఒకనాడు ఒక డాక్టరు వచ్చి, వాడి మలం మైక్రోస్కోపు కింద పెట్టి, నన్ను పిలిచి చూపించాడు. అన్నీ గుడ్లే! మందు వేసిన కొద్ది నెలలకు వాడు తేరుకున్నాడు. నేను మాత్రం వాడికి క్షమాపణ చెప్పుకోలేదు.

జపానువాళ్ళు పిల్లలను తిట్టక, పరీక్ష చేశారు. కాతో, మియురా అనే ఇద్దరు 1954లో ఒక సులువైన పద్ధతి ప్రకటించారు. గాజుపలక మీద కొంచెం మలం ఉంచి, గ్లిసరిన్‌లో నానిన సెల్లోఫేన్ ముక్కతో కప్పుతారు. కొంతసేపటికి మలం తేటపడి, గుడ్లు స్పష్టంగా కనిపిస్తాయి. తరవాత బ్రెజిల్ దేశంలో కాత్జ్ అనే ఆయన దీన్ని మెరుగుపరిచాడు. ఇప్పుడు అనేక దేశాల్లో గుడ్లు లెక్కించేది ఈ విధంగానే.

పిల్లలు తమ మలాన్ని అగ్గిపెట్టెల్లో పెట్టి బడికి తెచ్చేవారు. నవ్వు వస్తున్నదా? వాళ్ళూ సిగ్గుపడే ఉంటారు. అయినా తెచ్చారు. గుడ్లు కనిపించినవారికి మందిచ్చి, మళ్ళీ పరీక్షించేవారు. మలం ఎరువు మానేశారు, మరుగుదొడ్లు బాగుచేశారు. చివరకు పురుగులు ఎంతగా తగ్గాయంటే, 2016 ఏప్రిల్ నుంచి బళ్ళలో ఆ పరీక్ష తప్పనిసరి కాకుండా పోయింది.

మన దేశంలో 2015 నుంచి నులిపురుగుల దినం జరుపుతున్నారు. ఆనాడు బడిలో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్రను చక్కగా నమిలి మింగండి. దొడ్డికి వెళ్ళివచ్చాకా, అన్నానికి ముందూ సబ్బుతో చేతులు కడుక్కోండి. మీ వెనక బెంచీలో ఎవడన్నా కడుపు పట్టుకుని కూర్చుంటే నవ్వకండి. మేష్టారితో చెప్పండి. ఆయన నాలాంటివాడైతే, మరోసారి చెప్పండి.