ఉప్పు తగిలిన ఐసు

కొల్లేటి చెరువుల్లో పట్టిన బొచ్చె, శీలావతి లారీలెక్కి కోల్‌కతా దాకా పాడవకుండా వెళ్తున్నాయంటే అంతా ఐసు చలవే! అందుకే కైకలూరు వైపు ఓ ఐసు ఫ్యాక్టరీలో పనిచేసే పెద్దాయన ప్రతి దిమ్మనూ తట్టి చూస్తాడు.

మంచినీళ్లు నింపిన డబ్బాలను ఉప్పునీళ్ల తొట్టెలో దించుతారు. మైనస్ 10 డిగ్రీలకు దగ్గరైనా తొట్టెలో నీళ్లు గడ్డకట్టవు, డబ్బాలోవి కడతాయి. డబ్బాకి చిల్లుపడిందా... అంతే. ‘ఉప్పు తగిలిందిరా, గుల్లబారిపోయింది’ అంటూ పనికుర్రాడితో ఆ దిమ్మ పక్కన పెట్టించేస్తాడు. అది లారీ ఎక్కితే దారిలోనే నీరవుతుంది. నష్టం చేపల రైతుకి.

ఆర్కిటిక్ సముద్రం మీద కట్టేది ఇలాంటి ఐసే. సముద్రపు నీరు సుమారు మైనస్ 1.8 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. ఐసు స్ఫటికంలో ఉప్పుకి చోటుండదు. కొంత కిందికి జారిపోగా, మిగిలింది చిక్కటి ఉప్పునీరై సన్నని గుల్లల్లో చిక్కుకుంటుంది. ఉప్పు ఎక్కువైనకొద్దీ గుల్లలూ ఎక్కువే. చలి ముదిరితే అవి ఇరుకవుతాయి. వేడి తగిలితే వెడల్పై ఒకదాంతో ఒకటి కలుస్తాయి.

కిలో ఐసులో 5 గ్రాముల ఉప్పు, మైనస్ 5 డిగ్రీల చలి ఉంటే అందులో ఉప్పునీటి వాటా సుమారు 5 శాతం. అది దాటితే దారులు తెరుచుకుని ఐసులోంచి నీరు పారుతుంది. ఆ దారుల్లోనే కంటికి ఆనని నాచు బతుకుతుంది. దాన్ని చిన్న జీవులు తింటాయి. వాటిని చేపలు తింటాయి.

ఇక్కడ పక్కన పడేసే గుల్ల ఐసే, అక్కడ చేపకి అన్నం పెడుతోంది!