చేయి వెతికే చోట కమ్మీ ఉండాలి

"డాక్టరుగారూ, మా అమ్మ ఊరికే తూలి పడిపోతోంది. బలానికి ఏదైనా టానిక్కు రాసివ్వండి" అని అడిగేవారు మా ఆస్పత్రిలో వారానికి నలుగురైనా తగులుతారు. నేను రక్తపోటు చూస్తాను, కళ్ళు చూస్తాను, వాడుతున్న మాత్రలన్నీ బల్లమీద పరచమంటాను. ఆ తర్వాత నేనడిగే ప్రశ్న వాళ్ళకి కొంచెం వింతగా ఉంటుంది: "ఆవిడ పడినచోట చేత్తో పట్టుకోవడానికి ఏముంది?"

చాలామంది చెప్పే జవాబు ఒకటే. "ఏమీ లేదండీ."

ఆ ఏమీ లేనిచోట ఏం బిగించాలి, ఎక్కడ బిగించాలి, ఎలా బిగించాలి అన్నదే ఈ వారం మనం చెప్పుకోబోయే సంగతి. ఇందులో మందుల పేర్లు తక్కువ, నట్లూ బోల్టులూ ఎక్కువ. విసుక్కోకుండా చదవండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పడిపోవడంవల్ల ఏటా సుమారు 6,84,000 మంది చనిపోతున్నారు. వారిలో ఎక్కువమంది అరవై దాటినవారే.

ఇల్లులాంటి బండి

మా బావగారు ఆర్టీసీ డిపోలో మెకానిక్కుగా చేసి రిటైరయ్యారు. ఖాళీగా కూర్చునే మనిషి కాదు. ఒక పాత వ్యాను కొని, రిజిస్ట్రేషను కాయితాల్లో కావలసిన మార్పులు చేయించి, లోపల రెండు చెక్క మంచాలు, చిన్న గ్యాసు పొయ్యి, నీళ్ళ ట్యాంకు అమర్చుకున్నారు. విదేశాల్లో ఇలాంటిదాన్ని క్యాంపర్ వ్యాను అంటారు. మా అక్కయ్యకి మాత్రం అది "మా బండి". అహోబిలం, మంత్రాలయం, శ్రీశైలం - ఎక్కడికి వెళ్ళినా గదికోసం వెతుక్కోనక్కరలేదు, మడి వంట మానుకోనక్కరలేదు.

2022 కార్తీకమాసంలో శ్రీశైలం వెళ్ళారు. అక్కయ్యకి అప్పటికి 66 ఏళ్ళు. మోకీళ్ళు అరిగాయి, రక్తపోటుకి మాత్రలు వాడుతోంది. రాత్రి రెండున్నరకి మూత్రానికి లేచింది. బావగారిని లేపడం ఎందుకని చీకట్లోనే తలుపు జరిపి కాలు కిందికి పెట్టింది. బండి అడుగుకీ నేలకీ మధ్య ఎత్తు రెండడుగులు. మన ఇళ్ళలో మెట్టు ఎత్తు ఆరేడు అంగుళాలకు మించదు కదా, మూడు మెట్లు ఒక్కసారి దిగినట్టన్నమాట. చేయి పట్టుకోసం తలుపు పక్కకి వెళ్ళింది. అక్కడున్నది నున్నటి రేకు. ముందుకి పడి కుడిచేయి ఆనించింది. మణికట్టు విరిగింది.

ఇలా చేయి ఆనించి పడినప్పుడు మణికట్టు దగ్గర ఎముక విరగడాన్ని మేము కోలిస్ ఫ్రాక్చర్ అంటాం. డబ్లిన్ నగరంలోని సర్జను ఏబ్రహాం కోలిస్ 1814లో దీన్ని వర్ణించాడు. ఎక్స్‌రే పుట్టడానికి ఎనభై ఏళ్ళ ముందు మాట అది! ఆరు వారాలు కట్టు వేశారు. ఎముక అతుక్కుంది. కాని అక్కయ్య "ఇంక ఆ బండి ఎక్కను" అని కూర్చుంది. బావగారు బండి అమ్మేయడానికి బేరం కూడా పెట్టారు.

విరిగిన ఎముకకంటె నాకు బెంగ కలిగించింది ఆ మాటే. ఒకసారి పడినవారికి భయం పట్టుకుంటుంది. భయంతో తిరగడం తగ్గిస్తారు. తిరగకపోతే తొడల కండరాలు సన్నగిల్లుతాయి. కండరాలు సన్నగిల్లితే మళ్ళీ పడతారు, ఈసారి తుంటి ఎముకే విరగవచ్చు. ఈ చక్రాన్ని మధ్యలో ఎక్కడో తెంచాలి.

ముందు మనిషిని చూడండి

పట్టు బిగించేముందు, పడటానికి ఒంట్లో కారణం ఉందేమో చూడాలి. పడుకున్నవారు చటుక్కున లేస్తే నెత్తురు కాళ్ళలోకి దిగిపోయి, మెదడుకి ఒక్క క్షణం చాలదు. లేచి నిలబడ్డ మూడు నిమిషాల్లోపల పై రక్తపోటు 20 పాయింట్లుగాని, కింది రక్తపోటు 10 పాయింట్లుగాని పడిపోతే దాన్ని జబ్బు లక్షణంగా లెక్కించాలి. రక్తపోటు మాత్రలు, ప్రొస్టేటు గ్రంథికి ఇచ్చే కొన్ని మాత్రలు, నిద్రమాత్రలు దీనికి తోడవుతాయి. అక్కయ్య మూత్రం జారీ చేసే మాత్రని రాత్రి భోజనమయ్యాక వేసుకుంటోంది. ఆవిడకి మందిస్తున్న డాక్టరుగారితో మాట్లాడి దాన్ని పొద్దుటికి మార్పించాం. మీరు మాత్రం సొంతంగా మాత్రలు మానవద్దు, వేళలు మార్చవద్దు. మీ డాక్టరునే అడగండి.

మరొక సంగతి. నిలబడ్డ ఎత్తునుంచి పడినంతమాత్రాన ఎముక విరిగిందంటే ఎముకలు గుల్లబారుతున్నాయేమో అనుమానించాలి. కట్టు విప్పించుకుని ఇంటికి పోతే సరిపోదు. ఎముక సాంద్రత పరీక్ష చేయించి, అవసరమైతే మందు మొదలుపెట్టాలి. అక్కయ్యకి అదీ చేయించాం.

ముగ్గుపిండి పరీక్ష

ఇక బండి సంగతి. బావగారు మొదట బజారునుంచి ఒక రబ్బరు కప్పుల పట్టు తెచ్చారు. గోడకి అదిమి మీట నొక్కితే గాలి లేకుండా అతుక్కుంటుంది. రేకుకి అతికించి నాకు చూపించారు. నేను పట్టుకుని పక్కకి ఒక గుంజు గుంజేసరికి ఊడి చేతిలోకి వచ్చింది. పాఠకులు ఇది బాగా గుర్తుంచుకోవాలి: ఊడివచ్చే పట్టుకంటె అసలు పట్టు లేకపోవడమే నయం. లేనప్పుడు మనిషి జాగ్రత్తగా అడుగు వేస్తాడు. ఉన్నప్పుడు నమ్మి బరువంతా దానిమీద వేస్తాడు.

"అయితే నేనే చేస్తానోయ్ డాక్టరూ. ఎక్కడ బిగించాలో నువ్వు చెప్పు" అన్నారు బావగారు.

"నేను చెప్పకూడదు బావగారూ, అక్కయ్య చెయ్యే చెప్పాలి" అన్నాను.

పగటిపూట అక్కయ్య రెండు అరచేతులకీ ముగ్గుపిండి రాశాం. ఆవిడ వెనకాల నేనూ, ముందు బావగారూ నిలబడి, నాలుగైదుసార్లు మెల్లగా ఎక్కించి దించాం. "ఏరా తమ్ముడూ, ఇదేం వైద్యంరా!" అని నవ్వింది. నవ్వినా, ఆలోచించకుండా చేయి ఎక్కడ వేసిందో రేకుమీద తెల్లగా ముద్రలు పడ్డాయి. నేలమీద నిలబడి ఎక్కేటప్పుడు తలుపు పక్క స్తంభం మీద, భుజానికి కొంచెం కింద. పైనుంచి దిగేటప్పుడు అదే స్తంభం మీద, ఇంకో అడుగు పైన. అంటే నిలువుగా ఒకటిన్నర అడుగుల కమ్మీ ఒక్కటి బిగిస్తే రెండింటికీ పనికివస్తుంది.

ఎక్కడం, దిగడం ఉన్నచోట నిలువు కమ్మీ మంచిది. మనిషి ఎత్తు మారేకొద్దీ చేయి దానివెంట జరుగుతుంది. కూర్చుని లేచేచోట అడ్డ కమ్మీ మంచిది, కిందికి అదిమి లేవవచ్చు. అందుకని మంచం పక్కన, కూర్చున్నప్పుడు మోచేతి ఎత్తులో, ఒక అడ్డ కమ్మీ కూడా పెట్టాం. తలకంటె ఎత్తులో ఉండే పట్టు పెద్దవారికి మంచిది కాదు. దానికి వేలాడితే భుజం కీలు నొప్పి తిరగబెడుతుంది.

ఏ పైపు? ఏ బోల్టు?

బావగారు ఒక అంగుళం జీఐ పైపు వాడారు. దాని బయటి మందం 33 మిల్లీమీటర్లకి కొంచెం పైగా ఉంటుంది. వేళ్ళు చుట్టూ తిరిగి బొటనవేలు మీదికి వస్తుంది. అంతకంటె బాగా సన్నమైతే అరచేతిలో కోసుకుంటుంది, బాగా లావైతే పిడికిలి మూసుకోదు. కట్టు విప్పిన కొత్తలో అక్కయ్య పట్టు బలహీనంగా ఉండేది. అందుకని పైపు ముక్క ఆవిడ చేతికిచ్చి చూశాకే కోయించాం.

పైపుకీ గోడకీ మధ్య ఒకటిన్నర అంగుళం వదలాలి. తక్కువైతే వేళ్ళ కణుపులు రాసుకుంటాయి. ఎక్కువైతే పడేటప్పుడు చేయి లోపలికి దూరి ఇరుక్కుంటుంది. అమెరికాలో వికలాంగుల సౌకర్యాలకు పెట్టిన ప్రమాణాల్లోనూ ఈ ఒకటిన్నర అంగుళమే ఉంది. కమ్మీ 250 పౌన్ల, అంటే సుమారు 113 కిలోల బలానికి ఆగాలని కూడా ఉంది. మన అక్కయ్య అంత బరువు ఉండకపోవచ్చు. కాని పడబోయే మనిషి గుంజే గుంజు ఒంటి బరువుని మించిపోతుంది.

ఆ గుంజుకి ఆగాలంటే ప్రాణమంతా బిగింపులో ఉంది. బండి రేకు మందం ఒక మిల్లీమీటరుకూడా ఉండదు. దానికి స్క్రూ బిగిస్తే పట్టుకునేది ఒకటి రెండు చుట్లే. లోపల అందానికి కొట్టిన ప్లైవుడ్డుకి బిగించినా అంతే. బావగారు రేకు వెనక ఉక్కు స్తంభానికే రంధ్రాలు వేసి, కమ్మీ ఒక్కొక్క కొసకి రెండేసి 8 మిల్లీమీటర్ల బోల్టులు దూర్చి, వెనకవైపు మూడు మిల్లీమీటర్ల మందం ఇనప పట్టీ వేసి, వదులుకాని నైలాన్ నట్లు బిగించారు. రంధ్రాల అంచులకి తుప్పు పట్టకుండా రంగు పూశారు. బండి కుదుపులకి నట్లు వదులవుతాయి కనుక నెలకొకసారి పానా వేసి చూస్తారు.

డ్రిల్లు పెట్టేముందు వెనకాల కరెంటు వైర్లు, ఆయిలు పైపులు లేవని చూసుకోవాలి. కొత్త బండ్లలో పైకప్పు అంచుల్లోనూ స్తంభాల్లోనూ ఎయిర్ బ్యాగులుంటాయి. అలాంటిచోట చేయి పెట్టవద్దు, షోరూములో అడగండి. సీటు బెల్టు బోల్టుని ఊడదీసి దానికి కమ్మీ తగిలించడం ఎన్నడూ చేయరాదు. బండి కదిలేటప్పుడు కూర్చుని బెల్టు పెట్టుకోవలసిందే. ఈ కమ్మీ ఆగిన బండికి మాత్రమే.

చివరికి బావగారూ, వాళ్ళ అల్లుడూ ఇద్దరూ ఒకేసారి పట్టుకుని వెనక్కి వాలారు. బండి ఊగింది, కమ్మీ కదలలేదు. అప్పుడు పసుపు రంగు వేసి, సైకిలు పిడి రబ్బరు తొడిగి, చీకట్లో టార్చి పడితే మెరిసేటట్టు రేడియం స్టిక్కరు చుట్టారు. తలుపు కింద, సగం ఎత్తులో ఒక మెట్టు కూడా వెల్డింగు చేయించారు. రెండడుగుల ఎత్తుకి ఎంత మంచి కమ్మీ అయినా ఒంటరిగా చాలదు.

అక్కయ్యకి మూడు మాటలు నేర్పాం. లేచాక మంచంమీద ఒక నిమిషం కూర్చో. ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు నొప్పికాలు ముందు. దిగేటప్పుడు బండివైపు తిరిగి, కమ్మీ వదలకుండా దిగు. 2024 మాఘమాసంలో ఇద్దరూ అహోబిలం వెళ్ళివచ్చారు.

మీ ఇంట్లో

మీకు అలాంటి బండి ఉండకపోవచ్చు. బాత్రూము ఉంటుంది. అక్కడా సూత్రం ఇదే. తువ్వాలు వేసుకునే కడ్డీ, కుళాయి, వాష్ బేసిన్ మనిషి బరువుకి చేసినవి కావు. కమ్మీని టైలుకీ, సిమెంటు పూతకీ కాక, లోపలి ఇటుకలోకి దిగే యాంకరు బోల్టులతో బిగించమనండి. పని తెలిసిన మేస్త్రీకి పెద్ద పనేమీ కాదు. బిగించాక ఇంట్లో అందరికంటె బరువైనవారు గుంజి చూడాలి, ఆ తర్వాతే పెద్దవారికి అప్పగించాలి.

ఎక్కడ బిగించాలి అంటారా? ముగ్గుపిండి కూడా అక్కరలేదు. మీ అమ్మగారో, నాన్నగారో రోజూ తిరిగే దారిలో గోడలు ఒకసారి పరిశీలనగా చూడండి. బాత్రూము తలుపు పక్కన, మంచం తలవైపు, పెరటి గుమ్మం దగ్గర సున్నంమీద చేతి జిడ్డు మరకలు కనిపిస్తాయి. సున్నం మళ్ళీ వేయించి వాటిని చెరిపేయకముందే పెన్సిలుతో గుర్తు పెట్టండి. కమ్మీ అడుగుతున్న చోట్లు అవే.