ఓబేదుకు జోల పాడింది ఎవరు?



మన దుబ్బాక, సిద్దిపేట దిక్కు నుండి నేతపనివారు ఎందరో బతుకుతెరువుకు సోలాపూరు, భీవండి పోయి అక్కడే స్థిరపడ్డారు. వారి ఆడపిల్లలు కొందరు ఇప్పుడు కోడళ్ళుగా మన ఊళ్ళకు వస్తున్నారు. వారి ఇండ్లలో తెలుగే, కానీ మరాఠీ కలిసిన తెలుగు. కొత్త కోడలు జొన్నరొట్టెను భాకరీ అంటే యారాలు నవ్వుతుంది.

బిడ్డ పుట్టినాక అత్తమ్మ ఎత్తుకుంటుంది, మేనత్త పేరు పెడుతుంది. అది మంచిదే, పదిమంది చేతుల్లో పెరగడం బిడ్డకు భాగ్యం. అయితే ప్రార్థనకు ఇండ్లకు వెళ్ళినప్పుడు మేము చూసేది ఇంకొకటుంది. మూడేండ్ల పిల్లగాడు కూడా పెద్దలను చూసి అమ్మ మాటను వెక్కిరిస్తాడు. అందరూ ముద్దుగా నవ్వుతారు. తల్లీ నవ్వుతుంది. మెల్లగా ఆ మాటలు మానేస్తుంది, జోలపాట కూడా.

రూతు 4వ అధ్యాయం చూడండి. కన్నది మోయాబు నుండి వచ్చిన రూతు. బిడ్డను ఒడిలోకి తీసుకొని పెంచింది నయోమి. ఓబేదని పేరు పెట్టింది ఇరుగుపొరుగు స్త్రీలు. ఇద్దరు కొడుకులను పోగొట్టుకున్న నయోమి ఒడి నిండడం దేవుని కృపే, ఆమెను తప్పుపట్టలేము. ఏడుగురు కుమారులకంటె రూతు మేలని ఆ స్త్రీలే అన్నారు. కానీ ఆ మాట నయోమితో అన్నారు. కన్నతల్లి నోటి నుండి ఒక్క మాటా అక్కడ వినబడదు.

మరి బోయజు? పరదేశి అని తెలిసీ రూతును తన పొలంలో ఆదరంగా పలకరించాడు, అత్తకు ఆమె చేసిన మేలును మెచ్చుకున్నాడు. మత్తయి 1:5 ప్రకారం బోయజు తల్లి రాహాబు. ఆమె కూడా పరాయి జనంలో నుండి వచ్చినదే. లేఖనం అంతకుమించి చెప్పదు గానీ, రాహాబు మాటను ఆ ఇంట్లో ఎవరూ బిడ్డ ముందు చులకన చేయలేదేమోనని మాకు అనిపిస్తుంది.

ఈ మధ్య ఒక ఇంట్లో అత్తమ్మ మనుమడిని ఊపుతూ, "మీ అమ్మ నీకు పాడిన పాట పాడు బిడ్డా, నేనూ నేర్చుకుంట" అన్నది. కోడలు సిగ్గుపడుతూనే మరాఠీలో పాడింది. ముసలమ్మ నోరు తిరగక తంటాలు పడింది. ఈసారి పిల్లగాడు నవ్వింది నాయనమ్మను చూసి.