ఏడేళ్ల పిల్లవాడు ఏ గదిలో?

ఒక ఏడేళ్ల పిల్లవాణ్ణి తీసుకుందాం. సెలవుల్లో ప్రిన్సెస్ కంపెనీ క్రూయిజ్ ఓడ ఎక్కితే, అక్కడ వయసులవారీగా పెట్టిన ఆటగదుల్లో వాడు 3 నుంచి 7 ఏళ్ల పిల్లలుండే గదిలోకి వెళతాడు. అక్కడ వాడే అందరికంటే పెద్ద. ఎంఎస్‌సీ ఓడ ఎక్కితే 7 నుంచి 11 ఏళ్లవాళ్లతో ఉంటాడు, అందరికంటే చిన్న. రాయల్ కరీబియన్ ఓడల్లో చాలాకాలంగా నడిచిన పద్ధతి ప్రకారమైతే 6 నుంచి 8 ఏళ్ల గుంపులో నడిమివాడు. పిల్లవాడు మాత్రం వాడే. ఒక ఓడలో చిన్నవాళ్ల బూట్లకు లేసులు కడతాడు. ఇంకో ఓడలో బంతి తన దాకా ఎప్పుడొస్తుందా అని గోడవారన నిలబడతాడు. సెలవులు అయ్యాక వాణ్ణి చూసి, ‘మావాడు చాలా కలుపుగోలు’ అనో, ‘మావాడికి బిడియం ఎక్కువ’ అనో ఇంట్లోవాళ్లు ఒక అభిప్రాయానికి వచ్చేస్తారు. అందులో పిల్లవాడి స్వభావం ఎంత, ఆ గది తలుపు మీద రాసిన అంకెలు ఎంత?

రిటైరయ్యేదాకా ఒకటో తరగతికే పాఠం చెప్పినదాన్ని కాబట్టి నాకు ఈ సంగతి మీద పట్టింపు ఎక్కువ. ఒకే బెంచీ మీద కూర్చున్న ఇద్దరికి దాదాపు ఏడాది తేడా ఉండేది. ఆరేళ్లవాడికి ఏడాదంటే బతికిన కాలంలో ఆరోవంతు! కెనడాలో ఐస్ హాకీ ఆటగాళ్ల పుట్టిన నెలలను లెక్కవేసి 1985లో ఒక పరిశోధన వెలువడింది. పై స్థాయికి వెళ్లినవాళ్లలో సంవత్సరం మొదటి నెలల్లో పుట్టినవాళ్లే ఎక్కువ. అక్కడ చిన్నపిల్లల జట్లకు వయసు లెక్క జనవరి 1 నుంచి మొదలవుతుంది మరి. గీత ఎక్కడ గీశారన్నది పిల్లల జీవితంలో అంత దూరం వెళుతుంది. ఓడలో ఉండేది వారమే అనుకోవచ్చు. కానీ నాలుగేళ్ల పిల్లకి వారం చిన్న కాలం కాదు.

డాలస్, హ్యూస్టన్ తెలుగు కుటుంబాలకు ఇలాంటి ఓడలు బయలుదేరే గాల్వెస్టన్ రేవు కారులో వెళ్లే దూరం. వేసవి సెలవుల్లో అమ్మమ్మల్నీ తాతయ్యల్నీ వెంటబెట్టుకుని బయలుదేరేవాళ్లు చాలామంది. మా అబ్బాయి కుటుంబంతో నేనూ అలాగే వెళ్లాను. మనవడికి ఏడు, మనవరాలికి నాలుగు.

మూడేళ్ల దగ్గర గీసే గీతకు నేను అడ్డుచెప్పను. చాలా ఓడల్లో ఆరు నెలల నుంచి మూడేళ్లలోపు పిల్లలకు వేరే గది ఉంటుంది, గంటకు ఇంత అని డబ్బు కట్టాలి. మూడు దాటితే పగటిపూట ఉచితం. కానీ డైపర్ లేకుండా ఉండగలగాలి, బాత్రూమ్‌కి తనంతట తాను వెళ్లగలగాలి. కార్నివాల్ వాళ్లు రెండేళ్ల నుంచే చేర్చుకుని డైపర్లు కూడా మారుస్తారు, అది వేరే సంగతి. మిగతావాళ్ల గీతకు కారణం ఒక్క బాత్రూమే కాదు. మూడేళ్లలోపు పిల్లల బొమ్మల్లో గొంతుకు అడ్డంపడే చిన్న ముక్కలు ఉండకూడదని అమెరికా చట్టం. పెద్దపిల్లలు ఆడే బిళ్లలూ చక్రాలూ ఆ వయసువాళ్లకు అందకూడదు. పైగా రెండేళ్లవాళ్లు ఒకరి పక్కన ఒకరు కూర్చుని ఎవరి ఆట వాళ్లు ఆడుకుంటారు, ఇంకా కలిసి ఆడరు. మిల్డ్రెడ్ పార్టెన్ అనే అమెరికన్ పరిశోధకురాలు 1932లోనే దీన్ని విడమరిచి రాశారు. వాళ్లకు కావలసింది గుంపు కాదు, ఎత్తుకునే చెయ్యి.

ఇక్కడ తెలుగు తల్లులకు ఒక మాట. మన పిల్ల ‘సుస్సు’ అంటే ఆ గదిలో పిల్లల్ని చూసుకునే, ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన అమ్మాయికి ఎలా తెలుస్తుంది? అక్కడ ఏమని అడగాలో బయలుదేరే ముందే నేర్పండి. గదిలో వదిలేటప్పుడు మన మాట వాళ్లకీ చెప్పండి. మూడేళ్లకే బట్టలు తడుపుకుని నలుగురిలో నిలబడితే పిల్లకి ఎంత చిన్నతనంగా ఉంటుందో బడిలో నేను చాలాసార్లు చూశాను.

నా మనసుకు పట్టనిది ఆరేళ్ల గీత. మేమెక్కిన ఓడలో 3 నుంచి 5 ఏళ్లవాళ్లకు ఒక గది, 6 దాటితే మరొకటి. అన్నాచెల్లెళ్లు తలుపు దగ్గర విడిపోయారు. “నానమ్మా, అన్నయ్య నాతో రాడా?” అని మనవరాలు నా చీర పట్టుకుంది. చేతికి పట్టీ కట్టించుకుంది, లోపలికి మాత్రం అడుగు పెట్టలేదు. చిన్నదాన్ని పై గదికి పంపడం కుదరదనీ, పెద్దవాడు కావాలంటే కిందికి వచ్చి కాసేపు కూర్చోవచ్చనీ అక్కడి అమ్మాయి చెప్పింది. మనవడు మారుమాట లేకుండా వెళ్లి, తన ఈడుకు తగని రంగు దిమ్మెల ముందు కూర్చున్నాడు. చుట్టూ ఉన్న చిన్నవాళ్లు వాడి మీద పడ్డారు. వాడు ఒక కోట కట్టడం, వీళ్లు కూల్చడం, మళ్లీ కట్టడం. చెల్లెలు ఆ కూల్చేవాళ్లలో కలిసిపోయాక తన గదికి వెళ్లాడు. మర్నాడు అన్నయ్య తోడు అక్కరలేదంది. ఎంత తర్ఫీదు పొందిన మనిషైనా ఆ పని అంత తేలిగ్గా చెయ్యలేదని నేను గట్టిగా నమ్ముతాను.

కలిసిన వయసుల పిల్లలకు మన పల్లెల్లో ఎప్పటి నుంచో ఒక ఏర్పాటుంది. దొంగాటలోకి బుడ్డోడు వస్తే ‘ఆటలో అరటిపండు’ చేస్తారు. వాడు పరుగెత్తవచ్చు, అరవవచ్చు, దొరికినా దొంగ కాడు. అలా తిరుగుతూ ఆట నేర్చుకుని ఒకరోజు ‘నేనూ దొంగనవుతా’ అంటాడు. మరియా మాంటిస్సోరి 1907లో రోమ్‌లో బడి తెరిచినప్పటి నుంచి ఆ పద్ధతిలో 3 నుంచి 6 ఏళ్లవాళ్లను కావాలనే ఒకే గదిలో ఉంచుతారు. 1939లో మద్రాసు వచ్చిన ఆమె యుద్ధకాలమంతా మన దేశంలోనే ఉండి ఎందరో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. 1975లో మొదలైన మన అంగన్‌వాడీల్లోనూ మూడేళ్లదీ ఆరేళ్లదీ ఒకే చాప.

అమెరికాలో పెరిగే మన పిల్లలకు ఇదే కరువు. బడిలో ఈడువాళ్లే, సాకర్ జట్టులో ఈడువాళ్లే. పెదనాన్న పిల్లలూ మేనత్త పిల్లలూ సముద్రాల అవతల. పెద్దవాళ్ల వెనక తిరుగుతూ నేర్చుకునేదీ, చిన్నవాళ్లను కనిపెట్టుకుని ఉండేదీ ఎక్కడ? పనులేవీ లేని ఓడలోనైనా దొరకాలి కదా!

డిస్నీ ఓడల్లో 3 నుంచి 10 ఏళ్లవాళ్లంతా ఒకే క్లబ్బు. నాకు ఆ పద్ధతి మీదే మనసు. అలాగని పదేళ్లవాళ్ల పరుగుకు అడ్డం వస్తే మూడేళ్లది పడిపోతుందన్న భయం లేకపోలేదు. పదేళ్ల వయసుకి బంతి వేగం వేరు, గొంతు వేరు. కాబట్టి ఉరుకులాటలు వేరుగా పెట్టాలి. బొమ్మలు వెయ్యడానికీ కథలు వినడానికీ గీతలెందుకు? రోజుకు ఒక్క గంట తలుపులు తెరిచి అందరినీ కలిపితే చాలు. విశాఖలో 2023లో క్రూయిజ్ టెర్మినల్ వచ్చింది. మన రేవుల నుంచి ఓడలు నడిపేవాళ్లు ఆ ఒక్క గంటను మొదటి నుంచే పెట్టుకోవాలని నా కోరిక.

పుట్టినరోజు కలిసొచ్చేలా ప్రయాణం పెట్టుకునేవాళ్లు మరొకటి చూసుకోవాలి. ఓడ ఎక్కేనాటి వయసునే లెక్కలోకి తీసుకుంటారేమో కనుక్కోండి. అలా అయితే మూడు నిండడానికి వారం తక్కువైనా పిల్ల పసివాళ్ల గదికే వెళ్లాలి. ఇద్దరు పిల్లలున్నవాళ్లు టికెట్లు కొనకముందే ఫోన్ చేసి, పెద్దది చిన్నవాడి గదిలో మొదటి గంట కూర్చోవచ్చా అని అడగండి. కుదరదంటే, కుదురుతుందనే ఓడ మరొకటి వెతుక్కోండి.