రుషికొండలో అల లేని చోటు

మా రామంతాపూర్‌లో నీళ్లు మూడు రకాలు. నల్లా నీళ్లు, బోరు నీళ్లు, గట్టి వాన పడితే పిలవకుండానే వీధిలోకొచ్చే నీళ్లు. సముద్రాన్ని మాత్రం టీవీలో చూసుకోవాల్సిందే (దూరదర్శన్ స్టూడియో మా ఏరియాలోనే ఉందనుకోండి, అది వేరే విషయం). అలాంటి నన్ను పట్టుకుని మా టీం లీడు "ఫిబ్రవరిలో రెండ్రోజులు బీచ్ ట్రిప్, సర్ఫింగ్ కూడా చేద్దాం, ప్లాన్ నువ్వే చెయ్" అన్నాడు.

మొదట శ్రీలంకలో వెలిగామ అన్నారు. తర్వాత గోకర్ణ అన్నారు. లీవులూ బడ్జెట్టూ చూసుకుని ఆఖరికి విశాఖలో రుషికొండ దగ్గర ఆగారు. మన సాఫ్ట్‌వేర్ వాళ్ల ట్రిప్పులన్నీ ఇంతే కదా, స్కోపు ఆకాశమంత మొదలై రిలీజు నాటికి సగానికి దిగుతుంది :)

నేను అలవాటు ప్రకారం ఎక్సెల్ షీటు తెరిచాను. రెండ్రోజులకి పద్నాలుగు ఐటెమ్స్. కురుసుర సబ్‌మెరైన్, కైలాసగిరి, తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు, భీమిలి, యారాడ.. ప్రతిదానికీ టైము, ఓనరు, స్టేటసు. సర్ఫింగ్ వరసలో ఓనరు కాలమ్ దగ్గర మాత్రం నా పేరు రాసుకోలేదు.

ఇంట్లో చెప్తే అమ్మ "సముద్రానికా? ఒడ్డు మీదనే కూసో బిడ్డా, నీళ్లల్ల దిగకు, జెర పైలం" అంది. ఆవిడ భయానికి కారణం ఉంది. ఆఫీసులో అది ఎవరికీ తెలీదు, నేను చెప్పలేదు.

అన్నట్టు, షీటు నింపుతుంటే ఒక సంగతి తెలిసి ఆశ్చర్యపోయాను. దేశంలోని తీరం మొత్తానికి అలల అంచనా వెళ్లేది మన హైదరాబాద్ నుంచే! ప్రగతినగర్‌లో 1999లో పెట్టిన ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. 2004 సునామీ తర్వాత, 2007 నుంచి సునామీ హెచ్చరికల కేంద్రం కూడా అక్కడే. చుట్టూ వందల కిలోమీటర్ల దాకా ఉప్పునీటి చుక్క లేని ఊళ్లో కూర్చుని, రేపు ఏ తీరంలో ఎన్ని మీటర్ల అల వస్తుందో చెప్తారు. వాళ్ల అంచనాల్లో రెండు అంకెలు చూడాలి. ఒకటి అల ఎత్తు, రెండోది ఒక అలకీ ఇంకో అలకీ మధ్య సెకన్లు. నేను ఎత్తొక్కటే చూస్తే చాలనుకున్నాను. కానీ ఎత్తు సమానంగా ఉన్నా, ఆరు సెకన్లకొచ్చే అల కన్నా పద్నాలుగు సెకన్లకొచ్చే అలలో బలం చాలా ఎక్కువ. అది ఇక్కడి గాలికి పుట్టింది కాదు, ఎక్కడో దక్షిణ మహాసముద్రంలో తుఫాను లేపితే వేల కిలోమీటర్లు నడిచొచ్చింది. ఫిబ్రవరిలో విశాఖ తీరం కాస్త నెమ్మదిగా ఉంటుంది, నేర్చుకునేవాళ్లకి అదే నయం. జూన్ నుంచి అలలు పెద్దవవుతాయి. అక్టోబరు, నవంబరు తుఫాన్ల కాలం, 2014లో హుద్‌హుద్ విశాఖని తాకింది అక్టోబరు 12నే.

సాయంత్రం సికింద్రాబాద్‌లో గోదావరి ఎక్సెప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి విశాఖలో దిగాం. రుషికొండ అక్కడికి పది కిలోమీటర్ల పైచిలుకు. 2020లో బ్లూఫ్లాగ్ గుర్తింపు వచ్చిన బీచి అది. అక్కడ సూర్యాస్తమయం ఫోటో తీసుకోవాలని షీటులో రాసింది నేనే. తూర్పు తీరంలో సూర్యుడు సముద్రంలోంచి వస్తాడు గానీ సముద్రంలోకి పోడు అన్న ఐదో తరగతి పాఠం బీటెక్ చదివినవాడికి గుర్తు లేకపోయింది. మా వాళ్లు ఇప్పటికీ ఏడిపిస్తూనే ఉన్నారు.

సర్ఫింగ్ నేర్పే కుర్రాడికి ఇరవై రెండేళ్లుంటాయేమో. జాలారి కుటుంబం. చెన్నై దగ్గర కోవళంలో కూడా ఇలాగే మత్స్యకారుల పిల్లలే సర్ఫింగ్ నేర్పుతుంటారు. ముందు బోర్డులిచ్చి నీళ్లలోకి తోస్తాడనుకున్నాను. అలా చెయ్యలేదు. అందర్నీ ఇసకలో కూర్చోబెట్టి, పావుగంట సేపు సముద్రాన్ని చూడమన్నాడు. తర్వాత అడిగాడు, "ఇప్పుడు సెప్పండన్నా, ఇందులో దిగడానికి మంచి సోటు ఏది?"

ఎడంవైపు అలలు వరసగా విరిగి తెల్లగా నురగ కక్కుతున్నాయి. కుడివైపూ అంతే. మధ్యలో ఓ పది పదిహేను మీటర్ల వెడల్పున నీళ్లు కాస్త ముదురు రంగులో, అలల్లేకుండా, చెరువులా ఉన్నాయి. మా టీం అంతా ఒక్కసారే ఆ మధ్య చోటుని చూపించారు.

నేను చూపించలేదు. ఎందుకంటే 2017లో అలాంటి చోటుని ఒకసారి చూపించి ఉన్నాను.

ఇంజనీరింగ్ మూడో ఏడు, ఇండస్ట్రియల్ టూరు. ఊరి పేరూ, బీచి పేరూ, వాడి పేరూ ఇక్కడ రాయను. వాడిది నల్గొండ వైపు పల్లె. హబ్సిగూడలో రూము. సాయంత్రాలు ఇద్దరం తార్నాక నుంచి ఉస్మానియా క్యాంపస్‌లోకి నడుచుకుంటూ పోయి ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూర్చునేవాళ్లం. బాయిలో దూకి ఈత నేర్చుకున్నవాడు, మా బ్యాచీలో ఈతంటే వాడే. ఆ రోజు నలుగురం దిగుదామనుకున్నప్పుడు "అలలున్న కాడ వద్దురా, అగో అక్కడ నీళ్లు నిమ్మళంగ ఉన్నయి" అని చూపించింది నేను. జాగ్రత్త కోసమే చూపించాను. ముందు దిగింది వాడు. మేం ముగ్గురం మోకాళ్ల లోతులో ఉండగానే వాడు దూరమైపోయాడు. మాకేసి తిరిగి ఈదుతూనే ఉన్నాడు, అయినా దూరమవుతూనే ఉన్నాడు. మర్నాడు పొద్దున దొరికాడు.

ఆ తర్వాత నేను సముద్రం మొహం చూడలేదు. వాడికి ఈత వచ్చు కదా, ఎలా పోయాడు అన్న ప్రశ్న మాత్రం పోలేదు.

కుర్రాడు కర్రతో ఇసకలో గీసి చూపించాడు. అలలు ఒడ్డుకి తెచ్చిపోసిన నీళ్లన్నీ ఎక్కడో ఒకచోట నుంచి వెనక్కి వెళ్లాలి కదా. అవి పక్కలకి జరిగి, అడుగున ఇసక కోసుకుపోయి లోతుగా ఉన్న చోట కలిసి, ఒక కాలవలా లోపలికి పోతాయి. లోతుగా ఉంటుంది కాబట్టి అక్కడ అల విరగదు. అల విరగదు కాబట్టి మనకి ప్రశాంతంగా కనిపిస్తుంది. దీన్నే రిప్ కరెంట్ అంటారు. మామూలుగా సెకనుకి అర మీటరు లాగుతుంది, ఒక్కోసారి రెండున్నర మీటర్ల దాకా వెళ్తుందట. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో వంద మీటర్ల ఈత ప్రపంచ రికార్డు 46.40 సెకన్లు. అంటే సెకనుకి 2.15 మీటర్లు. లెక్క మీరే చేసుకోండి. ఒడ్డుకేసి ఎదురీదేవాడు కాలవ చేతిలో ఓడిపోయేది ఈత రాక కాదు, అలిసిపోయి.

చెయ్యాల్సింది ఎదురీదడం కాదు. కాలవ వెడల్పు తక్కువ. ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈదితే బయటపడతాం. అలల నురగ కనిపించే వైపుకి జరిగి, ఆ అలలతో పాటే ఒడ్డుకి రావాలి. ఈదలేకపోతే వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తాలి. కాలవ మనిషిని కిందకి లాగదు, దూరంగా మాత్రమే తీసుకెళ్తుంది. అలలు విరిగే గీత దాటాక దాని బలం తగ్గిపోతుంది.

వాడికి పక్కకి రమ్మని అరిస్తే సరిపోయేది. మేం ముగ్గురం అరిచింది "ఇటు రారా, ఇటు రారా" అని.

ఆ రోజు నేను దిగానా అంటే, దిగాను. నడుము లోతు దాటలేదు. తొమ్మిదడుగుల నురగ బోర్డు, కాలికి తాడు. బోర్డు మీద బోర్లా పడుకుని, వెనక నుంచి తెల్ల నురగ తోసినప్పుడు చేతులు ఆనించి ఒక్క ఊపున లేవాలి. ఇరవైసార్లన్నా పడ్డాను. ముక్కు నిండా ఉప్పు నీళ్లు. "కిందకి సూడకన్నా, ఒడ్డుకేసి సూడు" అని కుర్రాడు అరుస్తున్నాడు. ఓసారి లేచి నిలబడ్డాను. నాలుగు సెకన్లు ఉంటుందేమో. మా లీడు వీడియో తీశాడు, అందులో నేను నిలబడలేదు, కుర్చీ లేని చోట కూర్చోబోతున్నట్టున్నాను.

మర్నాడు షీటులో మిగిలిన పదకొండు ఐటెమ్స్‌నీ వదిలేసి (మా లీడు మొహం చూడాలి) పొద్దున్నే ఒక్కణ్నే జోడుగుళ్లపాలెం వెళ్లాను. పడవలు తోసుకెళ్తున్నారు. ఓ పెద్దాయనతో మాట కలిపి, నిన్న నేర్చుకున్న పాండిత్యం కాస్త ప్రదర్శించాను. ఆయన నవ్వాడు. "అది మా దారి బాబూ. అల మీంచి పడవ తోస్తే తిరగబడిపోద్ది. ఆ కాళీలోంచే బయటికెల్తాం. తిరిగొచ్చినపుడు మాత్రం అటు రాం, అల మీదే వస్తాం." సర్ఫింగ్ చేసేవాళ్లూ అంతేనట, లోపలికి వెళ్లడానికి అదే కాలవని వాడుకుంటారు. నేను చాలాసేపు అక్కడే కూర్చున్నాను. ఆయన పడవ వెళ్లిపోయి చుక్కంత అయ్యేదాకా చూశాను.

మధ్యాహ్నం వంజరం వేపుడు తిన్నాం. సాయంత్రం ఎర్రమట్టి దిబ్బలు, అంతే. ఆ ఎర్ర ఇసక వేల ఏళ్లుగా గాలీ నీరూ పేర్చినది, ఎక్కి తొక్కకుండా చూసి రండి. తొట్లకొండ బౌద్ధ ఆరామం చూడలేకపోయాను, అదొక్కటే బాధ. మీరెళ్తే ముంత మసాలా కూడా మర్చిపోకండి.

బయల్దేరే ముందు రుషికొండలో బోర్డులు అప్పజెప్తుంటే ఓ పదిమంది కుర్రాళ్లు దిగారు. కాలేజీ బస్సు, ఐడీ కార్డులు, గోల. అందులో ముగ్గురు బట్టలు ఒడ్డున పడేసి తిన్నగా ఆ అల లేని చోటుకే నడుస్తున్నారు. నేను పరిగెత్తాను. "అక్కడ కాదు, పక్కకి రండి" అని అరిచాను.

"అంకుల్, మాకు ఈత వచ్చు" అన్నాడు ఒకడు.

ఇరవై తొమ్మిదేళ్లకే అంకుల్. వాళ్లని ఆపి, ఇసకలో కూర్చోబెట్టి, పుల్ల కోసం వెతికాను. దొరకలేదు. వేలితోనే గీశాను.