అల్ నహ్దాలో ఒక తెలుగు ముస్లిం ఇంటి లెక్కలు

అల్ నహ్దా అనే పేరుతో పక్కపక్కనే రెండు పేటలున్నాయి. ఒకటి దుబాయ్‌ది, రెండోది షార్జాది. మధ్యలో గోడ లేదు, గేటు లేదు. ఒక రోడ్డు దాటితే ఎమిరేట్ మారుతుంది. దాంతోపాటు అద్దె, అద్దె చట్టం, కరెంటు బిల్లు పంపే సంస్థ, చివరికి ప్రభుత్వోద్యోగుల వారాంతం కూడా మారతాయి. దుబాయ్ వైపు వారికి మెట్రో గ్రీన్ లైన్‌లోని స్టేడియం స్టేషన్ అందుబాటులో ఉంటుంది. షార్జా వైపు సహారా సెంటర్, అన్సార్ మాల్ ఉన్నాయి కాని మెట్రో లేదు. జీతం మీద బతికే భారతీయ కుటుంబాలు రెండు వైపులా ఉన్నాయి. హైదరాబాద్, కడప, కర్నూలు, కరీంనగర్ ప్రాంతాల నుంచి వచ్చిన తెలుగువారూ వారిలో ఉన్నారు. ఈ వ్యాసంలోని లెక్కలు అలాంటి ఒక ప్రొద్దుటూరు కుటుంబానివి. ఆ ఇల్లు వ్యాసకర్తదే. సంపాదించేది ఒక్కరు, జీతం నెలకు 9,000 దిర్హమ్‌లు, పిల్లలు ఇద్దరు.

లండన్‌లోనో షికాగోలోనో ఉండే ముస్లిం వడ్డీ లేని ఇంటి రుణం కావాలంటే వెతుక్కోవాలి. బ్రిటన్‌లో తొలి ఇస్లామిక్ రిటైల్ బ్యాంకు 2004లో గాని తెరుచుకోలేదు. అల్ నహ్దాలో ఆ వెతుకులాట లేదు. పూర్తిస్థాయి ఇస్లామిక్ వాణిజ్య బ్యాంకుల్లో మొదటిదిగా చెప్పే దుబాయ్ ఇస్లామిక్ బ్యాంక్ 1975 నుంచి నడుస్తోంది. 1975లోనే మొదలైన నేషనల్ బ్యాంక్ ఆఫ్ షార్జా 2002లో పూర్తిగా ఇస్లామిక్ బ్యాంకుగా మారింది. మాంసం దుకాణం నుంచి బీమా కంపెనీ దాకా హలాల్ అన్నది అడగక్కర్లేని సంగతి. ఈ సౌకర్యం వల్లే ఒక అలవాటు వచ్చింది. బోర్డు మీద పేరు చూసి, లోపలి కాగితం చదవకుండా సంతకం పెట్టేస్తారు. ఈ ఇంటి లెక్కల్లో పెద్ద తప్పులు ఆ అలవాటు దగ్గరే జరిగాయి.

ముందు అద్దె సంగతి. ఇక్కడ అద్దె నెలనెలా చేతికి ఇచ్చేది కాదు. ఏడాది అద్దెను ఒకటి, రెండు, నాలుగు లేదా ఆరు చెక్కులుగా ముందు తేదీలు వేసి ఇంటి యజమానికి ఇచ్చేయాలి. చెక్కులు తగ్గితే అద్దె తగ్గుతుంది. అందుకే చేతిలో డబ్బు నిల్వ ఉన్నవాడికి ఇల్లు చవకగా దొరుకుతుంది, లేనివాడు అదే ఇంటికి ఎక్కువ కడతాడు. 2022 జనవరి నుంచి చెల్లని చెక్కుల్లో చాలావాటిపై క్రిమినల్ కేసు బదులు నేరుగా వసూలు చర్యలు మొదలయ్యే పద్ధతి వచ్చింది. జైలు భయం తగ్గింది గాని, చెక్కు తేదీ వస్తోందంటే ఇంట్లో ఉండే గుబులు తగ్గలేదు.

ఈ కుటుంబం మొదట దుబాయ్ వైపు ఒక పడకగది ఇంట్లో ఏడాదికి 52,000 దిర్హమ్‌లకు ఉండేది. దానిపై 5 శాతం మునిసిపాలిటీ రుసుము నెలనెలా కరెంటు, నీళ్ల బిల్లులో కలిసి వచ్చేది. తర్వాత రోడ్డు దాటి షార్జా వైపు 34,000కు మారింది. ఒప్పందాన్ని ధ్రువీకరించుకునే ఖర్చు పోను ఏడాదికి 19,000 దాకా మిగలాలి. అయితే ఆఫీసు దుబాయ్‌లోనే ఉంది. అల్ ఇత్తిహాద్ రోడ్డు మీద సాలిక్ టోల్ 2025 జనవరి చివరి నుంచి రద్దీ వేళల్లో 6 దిర్హమ్‌లు అయింది. నెలకు 22 రోజులు, రోజుకు రెండుసార్లు అంటే ఏడాదికి 3,168. పెట్రోలు అదనంగా మరో 3,600. నికరంగా మిగిలేది 12,000 పైచిలుకు. రోజుకు గంటన్నర అదనంగా రోడ్డు మీద గడుస్తుంది, ఏడాదికి అది 396 గంటలు. అంటే గంటకు దాదాపు 30 దిర్హమ్‌లు. ఆఫీసులో ఆ గంట విలువ 51. ఈ లెక్క ప్రకారం ఇల్లు మారడం నష్టమే. కాని ఆఫీసు ఆ గంటలను కొనదు, మిగిలిన 12,000 మాత్రం నిజంగా చేతికొస్తుంది. అందుకే మారారు. 2024లో వచ్చిన షార్జా అద్దె చట్టం ఒప్పందం మొదలైన మూడేళ్ల వరకు అద్దె పెంచకుండా అడ్డుపడుతుంది. ఆ నిశ్చింత కూడా నిర్ణయంలో కలిసింది. పిల్లలు నిద్రపోయాక ఇంటికి చేరే రోజుల విలువ మాత్రం ఆ లెక్కలో ఎక్కడా రాలేదు. అది రాసుకోకపోవడం పొరపాటే.

తరువాతిది ఇంటికి పంపే డబ్బు. దిర్హమ్ 1997 నుంచి డాలర్‌కు 3.6725 దగ్గర కట్టేసి ఉంది. కాబట్టి డాలర్‌తో రూపాయి ఎంత పడితే దిర్హమ్‌తోనూ అంతే పడుతుంది. 2011 మధ్యలో దిర్హమ్‌కు 12 రూపాయల చిల్లర వచ్చేది, 2024 చివరికి 23 దాటింది. రేటు పెరిగిన రోజు ఎక్స్చేంజ్ కౌంటర్ల ముందు వరసలు పెరుగుతాయి. ప్రొద్దుటూరు నుంచి అమ్మ ఫోను కూడా వస్తుంది: "రేటు పెరిగిందంట గదా నాయనా, ఈ నెల రోంత ఎక్కువ పంపుతావా?" అడగడంలో తప్పేమీ లేదు. కాని రూపాయి పడిన ఏళ్లలో ఊళ్లో సిమెంటు, కమ్మీ, మేస్త్రీ కూలి కూడా పెరిగాయి. పెరిగిన రేటును లాభంగా లెక్కేసి ఖర్చు పెంచుకున్న ఏడాదే ఈ ఇంట్లో పొదుపు అన్నిటికన్నా తక్కువగా నమోదైంది. తర్వాత పద్ధతి మార్చారు. నెలకు పంపేది దిర్హమ్‌లలో స్థిరంగా ఉంచి, రేటు వల్ల ఎక్కువ వచ్చిన రూపాయలను ఇంటి కట్టుబడికి వేరే ఖాతాలో వేశారు. బ్యాంకు అప్పు లేకుండా పునాది ఒక ఏడాది, స్లాబు రెండేళ్ల తర్వాత, ప్లాస్టరింగు ఆ పై ఏడాది జరిగాయి. ఇల్లు నాలుగేళ్లు సగంలో నిలబడింది. ఊళ్లో మాటలు పడాల్సి వచ్చింది, అప్పు మాత్రం పడలేదు.

భారత్‌లో ఖాతా అంటే వడ్డీ ప్రశ్న వస్తుంది. ప్రవాసుల ఎన్‌ఆర్‌ఈ ఖాతాపై వచ్చే వడ్డీకి ఆదాయపు పన్ను లేదు. ముస్లింకు ఉన్న చిక్కు పన్ను కాదు, రిబా, అంటే షరియా నిషేధించిన వడ్డీ. భారత్‌లో ఇస్లామిక్ బ్యాంకింగ్ విభాగం తెరిచే ప్రతిపాదనను ముందుకు తీసుకెళ్లబోమని రిజర్వ్ బ్యాంకు 2017లో చెప్పింది. ఖాతా తెరవక తప్పదు, అందులో వడ్డీ పడకా తప్పదు. దక్షిణాసియా ముఫ్తీలలో చాలామంది చెప్పే దారి ఏమిటంటే, ఆ సొమ్మును సొంతానికి వాడకుండా, సవాబు (పుణ్యం) ఆశించకుండా పేదలకు ఇచ్చేయడం. ఈ కుటుంబం మార్చి 31న ఖాతా పుస్తకం చూసి, వడ్డీ మొత్తాన్ని రాసుకొని, అదే వారంలో ఇచ్చేస్తుంది. దాన్ని జకాత్ (విధిగా ఇవ్వాల్సిన దానం) కింద లెక్కించకూడదు. ఈ రెండింటినీ కలిపేయడం చాలా ఇళ్లలో జరుగుతున్న పొరపాటు.

కారు కొన్నప్పుడు అసలు పాఠం తెలిసింది. ఇస్లామిక్ బ్యాంకు కారు కోసం అప్పివ్వదు. మురాబహా పద్ధతిలో తానే కారు కొని, లాభం కలిపి, ఆ ధరను వాయిదాల్లో అమ్ముతుంది. లాభం ముందే తేలిపోతుంది, తర్వాత పెరగదు. వాయిదా ఆలస్యమైతే వేసే జరిమానాను బ్యాంకు తన ఆదాయంగా తీసుకోకూడదు, దానానికి ఇవ్వాలి. ఇవి మాటల్లో తేడాలు కావు, ఒప్పందంలో తేడాలు. బ్యాంకు వస్తువును ముందు తన సొంతం చేసుకోవాలి, మధ్యలో ఆ వస్తువుకు వచ్చే నష్టం బ్యాంకుదే. అక్కడే అమ్మకానికీ అప్పుకూ గీత పడుతుంది.

అయితే ధర చూడటం మానేయమని ఎవరూ చెప్పలేదు. ఈ కుటుంబం కొన్న కారు 60,000. యూఏఈ సెంట్రల్ బ్యాంకు నిబంధన ప్రకారం 20 శాతం చేతి నుంచి పెట్టాలి. మిగిలిన 48,000కు నాలుగేళ్లు, ఏటా 2.75 శాతం లాభం అన్నారు. వినడానికి తక్కువ. లాభం మొత్తం 5,280, నెల వాయిదా 1,110. కాని ఆ 2.75 శాతం మొదటి రోజు మొత్తం మీద నాలుగేళ్లూ లెక్కగట్టినది. నెలనెలా అసలు తగ్గుతూ పోతుంది కాబట్టి తగ్గే బాకీ మీద చూస్తే అది దాదాపు 5.2 శాతం. మామూలు బ్యాంకు చెప్పిన రేటుతో పోల్చాలంటే ఈ రెండో అంకెతోనే పోల్చాలి. అకౌంటెంటు ఉన్న ఇంట్లో కూడా ఈ పోలిక సంతకం అయ్యాకే జరిగింది. హలాల్ ఒప్పందం ఖరీదైనదైనా హలాలే. ఆ ఖరీదు తెలిసి ఒప్పుకోవడం వేరు, తెలియక ఒప్పుకోవడం వేరు.

చిట్టీల విషయం తెలుగువారికి కొత్త కాదు. అల్ నహ్దా ఫ్లాట్లలో వాటిని కమిటీ అంటారు. ఇరవై మంది, తలా 500, నెలకు 10,000. చీటీలు తీసి ఎవరి పేరు వస్తే వారికి మొత్తం ఇచ్చే పద్ధతిలో వడ్డీ లేదు, అందరూ కట్టింది అందరికీ వస్తుంది. పాట పెట్టి తగ్గించుకొని ఎత్తుకునే పద్ధతిలో ఆ తగ్గింపు మిగతావారికి పంపకం అవుతుంది. అది కాలానికి కట్టిన ధరే కాబట్టి దాన్ని రిబాగా చూసే పండితులు ఎక్కువ. ఈ కుటుంబం చేరింది మొదటి రకంలో. షరియా పరంగా ఇబ్బంది లేదు. కాని ఎనిమిదో నెలలో, అంతకు ముందే మొత్తం ఎత్తుకున్న సభ్యుడొకరు ఉద్యోగం పోయి వీసా రద్దయి దేశం విడిచారు. కాగితం లేదు, జామీను లేదు. నిర్వాహకుడు సగం భరించారు, మిగతాది అందరూ పోగొట్టుకున్నారు. హలాల్ అయినంత మాత్రాన ఒప్పందం భద్రమైనది కాదు.

ఇదే సంగతి పెద్ద ఎత్తున చూసింది హైదరాబాద్. వడ్డీ లేని హలాల్ లాభాల పేరుతో డిపాజిట్లు సేకరించిన హీరా గ్రూప్ అధినేత్రిని 2018 అక్టోబరులో అరెస్టు చేశారు. మరుసటి ఏడాది బెంగళూరులో ఇలాగే డబ్బు సేకరించిన ఐఎంఏ సంస్థ వ్యవహారం బయటపడింది. గల్ఫ్‌లోని పొదుపుదారులూ వాటిలో డబ్బు పెట్టారు. నెలనెలా తప్పకుండా ఇంత లాభం వస్తుందన్న మాట వ్యాపార భాగస్వామ్యానికి సరిపడదు. నష్టంలో పాలు లేని లాభాన్ని షరియా కూడా ఒప్పుకోదు. నష్టం వస్తే ఎవరిదన్న ఒక్క ప్రశ్న వేసి ఉంటే చాలామంది ఆగిపోయేవారు.

ప్రొద్దుటూరు వారికి బంగారం గురించి చెప్పనక్కర్లేదు, రాయలసీమలో పేరున్న బంగారు బజారు అదే. దుబాయ్ దేరాలోని గోల్డ్ సూక్‌లో కొంటే ఊళ్లో కన్నా చవక అన్న మాట ఒకప్పుడు గట్టిగా నిజం. 2024 జూలైలో భారత్ దిగుమతి సుంకాన్ని 15 నుంచి 6 శాతానికి తగ్గించాక ఆ తేడా బాగా కరిగింది. కూలి, తరుగు కలిపితే మిగిలేది కొద్దే.

జకాత్ లెక్కకు మాత్రం బంగారమే కేంద్రం. హనఫీ న్యాయశాఖను పాటించే భారతీయ కుటుంబాల్లో నిసాబ్ (జకాత్ తప్పనిసరి అయ్యే కనీస మొత్తం) ఏడున్నర తులాల బంగారం, అంటే పాత తులం లెక్కలో 87.48 గ్రాములు. యూఏఈలో ప్రచారంలో ఉన్నది 85 గ్రాములు. కొంత నగదు, కొంత నగ కలిసి ఉంటే హనఫీలు వెండి నిసాబ్ చూస్తారు. యాభై రెండున్నర తులాల వెండి, 612.36 గ్రాములు. బంగారం విలువతో పోలిస్తే అది చాలా చిన్న మొత్తం కాబట్టి, తమకు జకాత్ వర్తించదనుకునే కుటుంబాలకూ వర్తిస్తుంది. వాడే నగల మీద జకాత్ లేదని మరో న్యాయశాఖకు చెందిన షాఫయీలు, ఉందని హనఫీలు అంటారు. పక్క ఫ్లాటులోని మలయాళీ షాఫయీ కుటుంబం ఇవ్వడం లేదు కాబట్టి ఇవ్వనక్కర్లేదని అనుకోకూడదు. ఈ ఇంట్లో రంజాన్ ఒకటో తేదీని లెక్క రోజుగా పెట్టుకున్నారు. చాంద్రమాన సంవత్సరం 354 రోజులే కాబట్టి జీతం క్యాలెండర్‌తో అది కలవదు. జనవరిలో లెక్కేసేవారు ముప్పై మూడేళ్లలో ఒక ఏడాది జకాత్ ఎగ్గొట్టినట్టవుతుంది.

మరో మాట. తల్లిదండ్రులకు, పిల్లలకు, భార్యకు ఇచ్చేది జకాత్ కాదు, అది బాధ్యత. నెలనెలా అమ్మకు పంపేదాన్ని జకాత్‌గా ఇవ్వాల్సిన నలభయ్యోవంతులో సర్దేసుకోవడం చెల్లదు. పేదరికంలో ఉన్న అక్కకు, తమ్ముడికి ఇవ్వవచ్చు, వారికివ్వడమే మేలు.

చివరిది, వెళ్లిపోయే రోజు లెక్క. యూఏఈలో ప్రవాస ఉద్యోగికి పింఛను లేదు, గ్రాట్యుటీ ఉంది. మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల మూలవేతనం, ఆ తర్వాత ఏడాదికి 30 రోజులది. జీతం 9,000 అయినా నియామక పత్రంలో మూలవేతనం 5,000, మిగిలింది ఇంటి అద్దె, రవాణా భత్యాలు. పదేళ్లకు 255 రోజులు, మొత్తం 42,500 దిర్హమ్‌లు. 9,000నే మూలవేతనంగా రాసి ఉంటే అది 76,500 అయ్యేది. ఉద్యోగం పోతే మూడు నెలలు ఆదుకునే బీమా 2023 జనవరి నుంచి తప్పనిసరి. నెలకు 5 దిర్హమ్‌లు కడితే మూలవేతనంలో 60 శాతం ఇస్తారు. ఇక్కడా కొలత మూలవేతనమే. పదేళ్ల కిందట ఆ పత్రం మీద సంతకం పెడుతున్నప్పుడు ఈ ఇంటివారు చూసింది మొత్తం జీతం అంకె ఒక్కటే. ఇప్పుడు ఉద్యోగంలో చేరుతున్నవారు, మారుతున్నవారు మూలవేతనం దగ్గర ఏ అంకె వేశారో చూసి, తక్కువగా ఉంటే సంతకానికి ముందే మాట్లాడుకోండి.